ఎవరెస్టు బేస్ క్యాంపు యాత్ర: ముందుగా చేసుకోవలసిన సన్నాహాలు

నేపాల్‌లోని ఖుంబు హిమానీనదం చెంత, సముద్ర మట్టానికి 5,364 మీటర్ల ఎత్తున ఎవరెస్టు దక్షిణ బేస్ క్యాంపు ఉన్నది. అక్కడికి చేరడానికి తాళ్లు, మంచు గొడ్డళ్లు అవసరం లేదు. లుక్లా విమానాశ్రయం (సుమారు 2,850 మీటర్లు) నుండి కాలినడకన వెళ్లి రావడానికి సుమారు పన్నెండు రోజులు పడుతుంది. ఆరోగ్యవంతులు నడవగలిగిన బాటే అయినప్పటికీ, ఎత్తు వలన కలిగే అస్వస్థతతో ఇక్కడ ప్రాణాలు కోల్పోయిన యాత్రికులున్నారు.

గాలిలో ప్రాణవాయువు పాలు ఎక్కడైనా సుమారు 21 శాతమే. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. బేస్ క్యాంపు వద్ద అది సముద్రతీరంలో ఉండే దానిలో దాదాపు సగం. ఒక్కొక్క శ్వాసకు అందే ప్రాణవాయువూ ఆ మేరకే. శరీరం దీనికి అలవాటు పడగలదు గాని, అందుకు కొన్ని రోజులు పడుతుంది. కండబలం ఈ విషయంలో అక్కరకు రాదు. వ్యాయామంలో ఆరితేరిన యువకులే తొందరపడి మంచం పట్టడం కద్దు.

మన పాఠకులు నివసించే సీమలలో కొండలకు కొదవ లేదు. కోరాపుట్ జిల్లాలోని దేవమాలి 1,672 మీటర్లు, మహారాష్ట్రలోని కల్సుబాయి 1,646, చిక్కమగళూరు దాపున ముళ్ళయ్యనగిరి సుమారు 1,930, నీలగిరులలోని దొడ్డబెట్ట 2,637. వీటిలో మిన్న అయిన దొడ్డబెట్ట సైతం లుక్లా కంటె తక్కువ ఎత్తే. కనుక ఈ కొండలపై కాళ్లను, గుండెను సిద్ధం చేసుకోగలమే తప్ప ఎత్తుకు అలవాటు పడలేము. మూడు నాలుగు నెలల ముందు నుండే వీపున ఆరేడు కిలోల బరువుతో ఎక్కడం, ముఖ్యంగా దిగడం అభ్యసించాలి. మోకాళ్లను పరీక్షించేది దిగుడే. 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని చేరిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా భువనగిరి బండపై ఓనమాలు దిద్ది, పిమ్మట డార్జిలింగులోను, లడఖ్ చలిలోను శిక్షణ పొందినవారే.

3,000 మీటర్లు దాటిన తరువాత, రాత్రి బస చేసే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని, మూడు నాలుగు రోజులకొకసారి విశ్రమించాలని వైద్యుల నియమం. నామ్చే బజార్ (3,440), దింగ్‌బోచే (4,410) గ్రామాలలో రెండేసి రాత్రులు ఉండటం ఇందుకే. ఈ విశ్రాంతి దినాలను తగ్గించి, చవకలో వారం రోజులకే పైకి చేరుస్తామనే ప్రకటనలను నమ్మకపోవడమే మేలు.

తలనొప్పి, వికారం, నిద్రలేమి, నిస్సత్తువ తొలి లక్షణాలు. బృందమంతా తన వలన ఆగిపోతుందనే మొహమాటంతో తలనొప్పిని దాచేవారు చాలామంది. ప్రమాదమంతా ఇక్కడే ఉన్నది. లక్షణాలు తగ్గేవరకు ఒక్క అడుగైనా పైకి వేయరాదు. అనుమానం కలిగితే మడమకు బొటనవేలు ఆనిస్తూ తిన్నగా నడవమనాలి. తూలినా, మాట తడబడినా మెదడు వాచినట్లు భావించాలి. కూర్చున్నప్పుడు సైతం ఆయాసం, దగ్గు ఉంటే ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నట్లు. ఈ రెంటిలో ఏది కనిపించినా, అర్ధరాత్రి అయినా సరే, రోగిని వెంటనే కిందికి దించాలి. ఒంటరిగా మాత్రం పంపరాదు. యాత్రా కాలంలో ఫేరిచే గ్రామంలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్యశాల పనిచేస్తుంది.

ఎసిటజోలమైడ్ మాత్రలను వైద్యుని సలహాపైనే వాడాలి; సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి. మధుమేహులు ఇన్సులిన్ గడ్డకట్టకుండా ఒంటిని ఆనించి ఉంచుకోవాలి. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు పరీక్షలు చేయించుకోకుండా టిక్కెట్టు కొనరాదు.

కొత్త బూట్లు కరుస్తాయి గనుక రెండు నెలల ముందే కొని తొడిగి నడవాలి. చలికి తట్టుకునే పడక సంచి ఖాట్మండులో అద్దెకు దొరుకుతుంది. దారి పొడవునా పప్పు, అన్నం లభిస్తాయి. మాంసాన్ని దిగువ నుండి రోజుల తరబడి మోసి తెస్తారు కనుక మానుకోవడం ఉత్తమం. ఎత్తున ఆకలి మందగిస్తుంది. చిన్న సీసాడు ఆవకాయ బరువనిపించదు.

మార్చి నుండి మే వరకు, అక్టోబరు, నవంబరు నెలలలో యాత్ర అనుకూలం. భారతీయులకు వీసా అక్కరలేదు; పాస్‌పోర్టు గాని ఎన్నికల గుర్తింపు కార్డు గాని చాలు. బీమా పత్రంలో హెలికాప్టరు రక్షణ ఎన్ని మీటర్ల ఎత్తు వరకు వర్తిస్తుందో చదివి చూసుకోవాలి. మబ్బు పట్టితే లుక్లా విమానాలు ఆగిపోతాయి గనుక, ఖాట్మండు నుండి తిరుగు ప్రయాణానికి ముందు కనీసం రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి.