తప్పిన తాళం – సుబ్బారావు గారి భాస్వరం

కిందటి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి కొత్తగూడ నుంచి మహబూబాబాద్ పోతుంటే, బస్సులో పక్కన కూర్చున్న మా పాత సహోద్యోగి తన చేయి నా ముందుకు చాపాడు. "జర నాడి చూడే అన్నా, ఎటువడితే అటు కొట్టుకుంటాంది" అన్నాడు. నిజమే. రెండు దెబ్బలు వెంటవెంటనే, ఆపై ఒక ఖాళీ. "వయసు దడ" అని ఆయనే తేల్చేశాడు. నాకు మాత్రం మనసు ఊరుకోలేదు. ఈ సంగతి తెలుసుకుందామని పుస్తకాలు తిరగేస్తే కథ భీమవరం దాకా పోయింది.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని మనం ఔషధాల శాస్త్రవేత్తగానే ఎరుగుదుం. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టిన ఫలితంగా ఎం.బి.బి.ఎస్. దక్కక ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకుని, 1922లో బోస్టన్ చేరారు. హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి, భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలతే 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని పట్టి ఇచ్చింది. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏ.టి.పి.ని విడిగా కనుగొన్నాడు. ఇంత చేసినా హార్వర్డులో సుబ్బారావు గారికి స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. ప్రమోషన్ల కోసం ఎదురు చూసిన మనకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు.

గుండె కణానికి ఏ.టి.పి. దినకూలి వంటిది, ఫాస్ఫోక్రియాటిన్ చేబదులు. నిల్వ ఉన్న ఏ.టి.పి. కొన్ని సెకన్లకు మించి రాదు. ఎప్పటికప్పుడు సంపాదించుకోవలసిందే.

అయితే గుండె లయను చాలాకాలం కరెంటు తీగల వ్యవహారంగానే చూశారు. 1907లో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు లయ పుట్టే చోటు కనుగొన్నారు. ఇ.సి.జి.కి గాను ఐంతోవెన్‌కు 1924లో నోబెల్ వచ్చింది. తీగకూ, కూలికీ ఉన్న ముడి 1983లో విప్పినవాడు జపాన్ శాస్త్రజ్ఞుడు అకినోరి నోమా. ఏ.టి.పి. తగ్గితే గుండె కణం గోడలో కొన్ని పొటాషియం ద్వారాలు తెరుచుకుంటాయనీ, దాంతో విద్యుత్ తరంగం కురచబడుతుందనీ తేలింది. కురచబడిన తరంగం వచ్చిన దారినే మళ్లీ తిరగగలదు. తాళం తప్పడానికి అదొక మార్గం.

రెండోది కాల్షియం. ప్రతి దెబ్బకూ కణంలోని గిడ్డంగి నుంచి కాల్షియం బయటికి రావాలి, ఏ.టి.పి. ఖర్చుపెట్టి మళ్లీ లోపలికి తోడాలి. రక్తం అందకపోయినా, బి.పి., చక్కెర పెరిగినా కణం కష్టంలో పడి ప్రమాద సంకేతాలు పంపుతుంది. ఆ సంకేతాలు మోసే ఎంజైముల్లో కామ్‌కె-టూ ఒకటి. కష్టకాలంలో పుట్టే ఆక్సిజన్ విషాలు దీన్ని ఆపకుండా పనిచేయిస్తాయని 2008లో అయోవా విశ్వవిద్యాలయం వారు చూపారు. అప్పుడు గిడ్డంగి కారుతుంది, అదనపు దెబ్బలు పడతాయి. పండుగ పూట అతిగా తాగినవారిలో లయ తప్పడాన్ని 1978లోనే 'హాలిడే హార్ట్' అన్నారు. అందులో జె.ఎన్.కె. అనే మరో సంకేత ఎంజైము పాత్ర ఉందని 2018లో ప్రయోగాల్లో తేలింది. మన వైపు ఇప్పసారా సంగతి వేరే ఎత్తనవసరం లేదు.

పైకి కనిపించే అదనపు దెబ్బను అణిస్తే చాలదని అమెరికా వైద్యులు 1989లో కష్టంగా నేర్చుకున్నారు. గుండెపోటు వచ్చినవారికి ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ ఇస్తే దెబ్బలు తగ్గాయి, మరణాలు మాత్రం పెరిగాయి. ఆ రెండు మందుల పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఎవరికో పనిచేసిన మాత్ర అడిగి వేసుకునే అలవాటున్న మిత్రులు ఈ ముక్క మరొకసారి చదవాలి.

మా మిత్రుడికి ఇ.సి.జి. తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని వచ్చింది. దానివల్ల పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు. డాక్టరు గారు రక్తం గడ్డకట్టకుండా మాత్రలు రాశారు. ఇప్పుడు పింఛను పడ్డ రోజున ఆయన ముందుగా కొనేవి అవే.