ఇల్లు మారింది, అడ్రస్ మారలేదు: బూట్‌లోడర్ కథ

రూటర్ ఆన్ చేయగానే అందులో ముందుగా లేచి పని మొదలుపెట్టేది బూట్‌లోడర్. అది ఇల్లు మారినప్పుడు వచ్చే ఒక చిక్కు గురించి ఈరోజు చెప్తాను.

ఈ చిక్కు కొత్తదేం కాదు. 1949లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఎడ్‌శాక్ అనే కంప్యూటర్ ఉండేది. ఒకసారి రాసిన చిన్న ప్రోగ్రామ్‌ని మెమరీలో ఎక్కడైనా పెట్టుకోగలగాలి. కానీ చోటు మారితే లోపలి అడ్రస్‌లన్నీ తప్పుతాయి కదా? డేవిడ్ వీలర్ ఆ లెక్కని స్టార్టింగ్‌లో నడిచే 41 ఆర్డర్లలోనే పెట్టేశాడు. టేపు చదువుతూనే, గుర్తు పెట్టిన అడ్రస్‌లకి ప్రోగ్రామ్ మొదలయ్యే చోటు కలుపుతుంది. అంతే, ఒక కూడిక!

ఇప్పుడు 2002కి వద్దాం. వోల్ఫ్‌గాంగ్ డెంక్ నడిపిన పీపీసీబూట్ ఆ ఏడాది యూ-బూట్‌గా పేరు మార్చుకుంది. ఇది ఫ్లాష్ చిప్‌లో మొదలై, ర్యామ్ రెడీ అవ్వగానే తనని తానే ర్యామ్‌లోకి కాపీ చేసుకుంటుంది. కానీ కమాండ్ల పట్టికలో ఫంక్షన్ పాయింటర్లు ఉంటాయి. అంటే ఏ ఫంక్షన్ ఎక్కడుందో చెప్పే నంబర్లు. అవి ఇంకా ఫ్లాష్ అడ్రస్‌లే చూపిస్తుంటాయి!

అసలు ప్రమాదం ఏంటో తెలుసా? పాత కోడ్ ఫ్లాష్‌లో అలాగే ఉంది కాబట్టి అంతా బాగానే నడుస్తున్నట్టు కనిపిస్తుంది. ఒకరోజు అప్‌డేట్ కోసం ఫ్లాష్‌ని చెరిపేస్తాం. పాయింటర్ ఆ ఖాళీ చోటుకి దూకుతుంది. పని సగంలో ఆగిపోయి, బోర్డు మళ్లీ లేవదు.

మందు మళ్లీ ఆ కూడికే. కోడ్ 1000 నుంచి 5000కి మారిందనుకోండి, తేడా 4000. పాయింటర్ 1200 అయితే 5200 చేయాలి. మొదట్లో చాలా బోర్డుల్లో ప్రోగ్రామర్లే ఒక్కో పట్టికకీ ఈ కూడిక రాసేవాళ్లు. ఒక్కటి మర్చిపోయినా దెబ్బే. 2010లో ఏఆర్ఎమ్ వైపు పద్ధతి మారింది. ఏ అడ్రస్‌లు దిద్దాలో లింకరే జాబితా రాసిస్తుంది, బూట్‌లోడర్ దాన్ని వరసగా దిద్దుకుంటూ పోతుంది.

నాకు ఇందులో నచ్చింది ఇదే. కూడిక 1949 నాటిదే. మారింది గుర్తుపెట్టుకునే బాధ్యత, అది మనిషి నుంచి టూల్‌కి వెళ్లింది. "నడుస్తోంది కదా" అనిపించినప్పుడు, పాత ఇంట్లోంచి నడుస్తోందేమో ఒకసారి చూసుకోండి.