గుర్రం చచ్చినా లాభమే

శ్రీరంగం శేషరాయ మండపం చూశారా? ముందుకాళ్లు పైకెత్తి, కళ్లెం బిగిసి, స్తంభాల నుంచి మన మీదికి దూకబోతున్నట్లుంటాయి అక్కడి రాతి గుర్రాలు. మదురై, కోయంబత్తూరు ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లం మనం. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురై పాలనకు వచ్చిన తరువాత, విజయనగరం దండులతో దిగివచ్చిన కుటుంబాల కథలు మన ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తాయి. ఆ కథలలో రౌతు ఉంటాడు, కత్తి ఉంటుంది. గుర్రానికి జబ్బు చేస్తే ఎవరు చూశారన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ మాట ఒక పరదేశి రాసిపెట్టాడు. మన నాయకులు రావడానికి రెండు వందల ఏళ్లకు పైగా ముందు, పాండ్యుల కాలంలో, 1290ల తొలి సంవత్సరాలలో వెనీసు వర్తకుడు మార్కో పోలో ఈ తీరానికి వచ్చాడు. ఇక్కడి రాజులు ఒక్కొక్కరు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలను హోర్ముజు, ఏడెను వంటి రేవుల నుంచి తెప్పించేవారట. ఏడాది తిరిగేసరికి అందులో వంద కూడా మిగిలేవి కావట. అన్నంతో పాటు ఉడికించిన మాంసం కూడా వాటికి పెట్టేవారని రాశాడు. గడ్డి మేసే జంతువుకు మాంసాహారం!

అంతకంటే విడ్డూరమైన సంగతి మరొకటి ఉంది. ఇక్కడ గుర్రపు వైద్యం తెలిసినవాళ్లు లేరు. గుర్రాలు అమ్మే వర్తకులు తమ వెంట అటువంటివారిని తీసుకురారు, మరొకరిని రానివ్వరు కూడా. ఎందుకంటే ఈ ఏడు గుర్రం చస్తేనే వచ్చే ఏడు బేరం. పోలో లెక్కలలో అతిశయం ఉండవచ్చు. కాని ఈ వ్యాపార రహస్యం నాకు అతిశయంగా తోచదు.

విజయనగరానికి వద్దాం. 1530లలో అక్కడ ఉన్న ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు సాళువ నరసింహరాయల గురించి ఒక సంగతి రాశాడు. రాయలు వేయి పర్దావులకు మూడు గుర్రాల చొప్పున కొనేవాడట, బ్రతికున్నా సరే, చచ్చినా సరే. ఓడలో చచ్చిన గుర్రానికి తోక ఒక్కటి తెచ్చి చూపితే చాలు, ప్రాణమున్న గుర్రానికిచ్చినట్లే సొమ్ము ముట్టేది. ఈ పాఠం చెప్పినప్పుడు మా తరగతిలో ఒక పిల్లవాడు, "అయితే సార్, ఓడలో గుర్రానికి నీళ్లు ఎవడు పెడతాడు?" అని అడిగాడు. రాయలకు తట్టవలసిన ప్రశ్న అది! నిజానికి రాయల ఎత్తుగడ వేరు. నష్టభయం తీసేస్తే ఓడలు తన రేవులకే వస్తాయి, గుర్రాలు శత్రువుల చేతికి పోవు. రాజనీతిగా అది గట్టిదే. గుర్రం వైపు నుంచి చూస్తే మాత్రం పోలో చెప్పిన కథకు ఇది తమ్ముడు.

మనవాళ్లకు అశ్వశాస్త్రం తెలియదా అంటే, తెలియకేం? శాలిహోత్రుని పేరు దేశమంతా తెలుసు. విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథి అనే పేరుతో గుర్రాలను సాకిన కథ తిక్కనగారి భారతంలో మీరు చదివే ఉంటారు. మనుమంచి భట్టు హయలక్షణ విలాసమని తెలుగులో గ్రంథమే రాశాడు. అయితే రంగు, సుడి, నడక చూసి యజమానికి కలిగే శుభాశుభాలు చెప్పేవాడికి దక్కిన పీట, గిట్టలో చీము చూసి కడిగేవాడికి దక్కలేదు. ఇది నా అభిప్రాయం. కాదనేవారు ఉండవచ్చు.

గుర్రాలు ఎందుకు చచ్చేవో తేల్చే దారి చాలా ఆలస్యంగా దొరికింది. 1880లో పంజాబు వైపు డేరా ఇస్మాయిల్ ఖానులో గ్రిఫిత్ ఇవాన్స్ అనే సైనిక పశువైద్యుడు, సుర్రా జబ్బుతో చిక్కిపోతున్న గుర్రాల రక్తాన్ని సూక్ష్మదర్శినిలో పెట్టి చూశాడు. రక్తంలో సన్నని పురుగులు మెలికలు తిరుగుతూ కనిపించాయి. జబ్బుకు మూలం ఇదేనని ఆయన అంటే పైఅధికారులు నమ్మలేదు! ఈనాడు ఆ క్రిమికి ఆయన పేరే ఉంది. దానిని ఒక గుర్రం నుంచి మరొక దానికి చేర్చేది జోరీగ. పాండ్యుల గుర్రాలన్నీ దీనితోనే పోయాయని చెప్పలేం. ఉక్క, పడని మేత కూడా తమ వంతు చేసి ఉంటాయి. కాని జోరీగకు మన నేల కొత్త కాదు.

1903లో మద్రాసు సైదాపేటలో పశువైద్య కళాశాల తెరిచారు. మన కొంగునాటికి దగ్గరగా నామక్కల్లులో మరొకటి రావడానికి 1985 దాకా ఆగవలసి వచ్చింది. అప్పటికి జట్కా బండ్ల కాలం దాదాపు ముగిసిపోయింది. ఇప్పుడు పశువుల ఆసుపత్రి ముందు వరుసలో ఆవులు, మేకలు, పెంపుడు కుక్కలు ఉంటాయి. గుర్రం వస్తే చుట్టూ జనం మూగి చూస్తారు.

ఆడి మాసంలో అందియూరు గురునాథస్వామి జాతరకు వెళితే గుర్రాల సంత చూడండి. కొనేవాళ్లు ముందు సుడులు వెతుకుతారు. గిట్ట పైకెత్తి చూసే మనిషి కనిపిస్తే, అతని దగ్గర కాసేపు నిలబడి మాట్లాడండి.