మూగ రీళ్ళు

1965లో అమెరికాలో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పనులు జరిగాయి. దేశాలవారీ కోటాలను ఎత్తేస్తూ కొత్త వలస చట్టం వచ్చింది. కోడక్ కంపెనీ సూపర్ 8 ఫిల్ము అమ్మకానికి పెట్టింది. ఆ చట్టం తెరిచిన దారిన వచ్చిన మన డాక్టర్లు, ఇంజనీర్లలో కొందరి ఇళ్ళకు ఆ ఫిల్మూ చేరింది. క్యాసెట్టు కెమెరాలోకి తోస్తే చాలు. కానీ అందులో ఉండేది 50 అడుగులే. సెకనుకు 18 ఫ్రేముల చొప్పున తీస్తే 3 నిమిషాల 20 సెకన్లు. మాటలు కూడా పట్టే సూపర్ 8 వచ్చింది 1973లో. అంతకుముందు తీసినవన్నీ మూగ రీళ్ళే.

1977లో న్యూయార్క్‌లో ఉత్తర అమెరికా తెలుగువారి తొలి మహాసభ జరిగింది. అదే ఏడు ఇక్కడి మార్కెట్లోకి వీహెచ్ఎస్ వచ్చింది. తర్వాత్తర్వాత వీడియో కెమెరా కొన్నవాళ్ళు పాత ఫిల్మును ఇంట్లోనే క్యాసెట్టుకు ఎక్కించుకునేవారు. తెల్లకాగితం మీద ప్రొజెక్టర్ వేసి, పక్కనుంచి వీడియో తీయడమే. బొమ్మ మాత్రం మినుకు మినుకుమనేది. మూడు రెక్కల షట్టరున్న ప్రొజెక్టర్ 18 ఫ్రేములకు సెకనులో 54 సార్లు వెలుగుతుంది. అమెరికా వీడియో సెకనుకు 60 సార్లు బొమ్మను పట్టుకుంటుంది. ప్రొజెక్టర్ వేగం 20 ఫ్రేములకు పెంచితే లెక్క సరిపోయి మినుకు ఆగుతుంది. పెళ్ళిపెద్దలు కాస్త హడావిడిగా నడుస్తారు, అంతే!

ఆ క్యాసెట్టు ఇండియా పంపితే ఇంకో చిక్కు. ఇక్కడి టీవీ బొమ్మకు 525 గీతలు, అక్కడ 625. మనవడి అన్నప్రాశన అమ్మమ్మ చూడాలంటే రెండు పద్ధతులూ తెలిసిన వీసీఆర్ వెతకాలి.

2016లో ఫునాయ్ కంపెనీ వీసీఆర్ల తయారీ ఆపేసింది. ఇప్పుడున్నవన్నీ పాతవే. కాబట్టి అటకమీది పెట్టె దించగానే ప్లే నొక్కకండి. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టనే వద్దు. ఒక్క క్యాసెట్టు బూజు మిగతా వాటికీ అంటుకుంటుంది. డబ్బా పగిలి, టేపు బాగుంటే, స్క్రూలు విప్పి చక్రాలను మరో డబ్బాలోకి మార్చవచ్చు. ఫిల్ము డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన వచ్చిందా? అసిటేట్ కుళ్ళుతోందన్నమాట. దాన్ని విడిగా, చల్లగా, పొడిగా ఉంచి, ముందు దాన్నే స్కాన్ చేయించండి. ముడుచుకుపోయిన ఫిల్మును ప్రొజెక్టర్ పళ్ళు చింపేస్తాయి. ఫ్రేము తర్వాత ఫ్రేము ఫొటో తీసే స్కానర్‌కు మినుకు బాధా లేదు. స్కానయ్యాక కూడా అసలు రీలును పారేయకండి.

ఇంతా చేస్తే మిగిలేది బొమ్మ ఒక్కటే. ఆ మంచు ఏ ఊరిదో, వీణ పట్టుకున్నావిడ ఎవరో, వెనకాల తలుపు దగ్గర సిగ్గుపడుతున్న కుర్రాడు తర్వాత ఏమయ్యాడో స్కానర్ చెప్పలేదు. చెప్పగలిగినవారు ఎనభైల్లో ఉన్నారు. స్కానైన బొమ్మను లాప్‌టాప్‌లో వేసి, పక్కన ఫోన్ రికార్డింగులో పెట్టి, "మామయ్యా, వీళ్ళెవరు?" అని అడగండి. తడుముకున్నా, ఇద్దరు పెద్దవాళ్ళు పేర్ల దగ్గర పోట్లాడుకున్నా ఆపకండి. ఆ మాటలనే ఆ బొమ్మకు జతచేయండి. యాభై ఏళ్ళ తర్వాత ఆ మూగ రీలుకు దొరికే సౌండ్ ట్రాక్ అదే.