కైవర్తభోగము: మన తీరమున వేటశాసనముల చరిత్రము



మన మహాసభల సంచికలందు చరిత్రవ్యాసమనిన గుహునితో నారంభించి సత్యవతీదేవితో ముగించుట యాచారముగ నున్నది. ఆ మహనీయుల కథలు మనకు శిరోధార్యములే. అయినను, ముప్పదియేండ్లకు పైబడి పిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతిగొన్న నాకు, మన పూర్వులకు రాజులతో నెట్టి చుట్టరికము గలదను ప్రశ్నకంటె, రాజులు మన వలపై నేమేమి శాసనములు చేసిరి, అవి యెవరి మాట విని చేసిరి యను ప్రశ్నయే యెక్కువ యుపయోగకరమని తోచినది. కాన ఈసారి గుహుని కథ మరియొకరికి విడిచి, ఈ విషయమును స్వీకరించితిని.

కౌటిల్యుని యర్థశాస్త్రమున నావధ్యక్షుడను నధికారి యొకడు గలడు. చేపలు పట్టువారు నావబాడుగ క్రింద తాము పట్టినదానిలో నాఱవభాగము రాజున కీయవలెనని యందు విధింపబడినది. రైతు పొలమునుండి యిచ్చు షడ్భాగమునే మనవారు నీటినుండి యిచ్చిరన్నమాట. ఇది పన్నుమాట. నిషేధముమాట యశోకుని శాసనములందున్నది. కళింగమును జయించి పశ్చాత్తాపము నొందిన యా చక్రవర్తి, తనకు పట్టాభిషేకమై యిరువదియాఱేండ్లు గడచిన పిమ్మట చెక్కించిన యైదవ స్తంభశాసనమున, చాతుర్మాస్య పూర్ణిమలందును, తిష్యాపూర్ణిమయందును, మఱికొన్ని పర్వదినములందును చేపలను చంపరాదు, అమ్మరాదు అని యాజ్ఞాపించెను. ఆ దినములందే గజవనములలోను, 'కేవటభోగము'లోను ఇతర జంతువులనుగూడ చంపరాదని యందే కలదు.

కేవటశబ్దము సంస్కృతమున కైవర్తశబ్దమే. మనకు పొరుగుననున్న యుత్కళమున కేవుటలను పేరు నేటికిని నిలిచియున్నది. భోగమనగా ననుభవించు హక్కు, ఆ హక్కు గల స్థలము. దీనిని చేపలవారి మడుగులని కొందఱు పండితులు వ్యాఖ్యానించిరి. వ్యాఖ్యానమెట్లున్నను నా కిందు ముఖ్యముగ కనబడునది యొక్కటి. నిషేధము విధించిన రాజే, ఆ చోటు ఎవరి భోగమో పేరుపెట్టి చెప్పినాడు. తరువాతి ప్రభువులలో నట్లు చెప్పినవారు మిక్కిలి యరుదు. ఈ వ్యాసమున కా పదమే పేరుగా నుంచుటకు కారణ మిదియే.

ఇక మన ప్రాంతమునకు వత్తము. కోటబొమ్మాళి సముద్రపుటొడ్డున నున్న యూరు కాదు. కాని యిచ్చటనుండి తూర్పుగా పోయిన సంతబొమ్మాళి, నౌపడ, భావనపాడు తీరములు వచ్చును. నౌపడ యనగానే యెవరికైనను ఉప్పుమళ్ళు జ్ఞప్తికి వచ్చును. చేపకును ఉప్పునకును గల సంబంధమును వేఱుగ చెప్పనక్కఱలేదు. వేసవిలో నెత్తళ్ళు, కవళ్ళు కుప్పలుగ పడినప్పుడు, ఉప్పు లేనిచో నా కుప్ప సాయంకాలమునకు ఎరువే.

ఆంగ్లప్రభుత్వమువారు ఉప్పుపై పన్ను వేసి, ప్రకృతి యొడ్డున నారబెట్టిన ఉప్పును సైతము గిల్లరాదని చట్టము చేసిరి. అందుచే మన తీరమునందలి స్త్రీలు, కనుచూపుమేర ఉప్పు తెల్లగ మెఱయుచుండగా, చప్పిడిచేప నెండబెట్టవలసిన దుస్థితి కలిగినది. హిందూదేశ మత్స్యపరిశోధకుడైన ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు 1873 లో సముద్రమత్స్యములనుగూర్చి యొక నివేదిక ప్రకటించి, చేపలకు చవుకగ ఉప్పు దొరకవలసిన యావశ్యకతను వాదించెను. తరువాత చెన్నపురి రాజధానిలో తీరముపొడవునను యార్డులు వెలసినవి. కంచెవేసిన యావరణములోనికి చేపను తెచ్చి, తూచి, తగినంత ఉప్పును పన్నులేకుండ గొని, అచ్చటనే ఊరవేయవలెను. ఉప్పు కంచెదాటి బయటికి పోరాదు. దీనిని నేనొక యుపకారముగ నెన్నుదును, కాదనను. కాని యుపకారముతోపాటు కావలివాడును వచ్చినాడు. మన చేపకు వేళయు తూకమును ఉప్పుశాఖవారు నిర్ణయించుట యప్పుడే మొదలైనది. చేతిలో నాలుగు రూకలుండి పెద్దమొత్తమున చేప కొనగలవానికి యార్డువలన కలిగిన లాభము, ఒక గంప చేపతో వచ్చిన ముసలమ్మకు కలుగుట కష్టము. ఉప్పుపన్ను 1947 లో పోయినది.

1897 లో హిందూదేశ మత్స్యచట్టము పుట్టినది. నీటిలో తోటాలు ప్రేల్చుటయు, విషము కలుపుటయు నేరమని యది చెప్పినది. ఇతర నియమములు చేసికొను నధికారమును రాష్ట్రప్రభుత్వముల కిచ్చినది. 1905 లో సర్ ఫ్రెడరిక్ నికల్సను మత్స్యవిచారణకు నియుక్తుడై, 1907 లో చెన్నపురి మత్స్యశాఖకు మూలపురుషుడయ్యెను. అంతకుముందు రైతుల ఋణబాధనుగూర్చియు, సహకారసంఘములనుగూర్చియు గొప్ప నివేదిక వ్రాసినవా డీయనయే. కాన చేపను చూచినప్పుడు చేపవాని యప్పునుగూడ చూడగలిగెను. అట్టి దృష్టి గల యధికారి లభించుట మన యదృష్టము. అట్టివారు తఱచుగ లభింపకుండుట మన దురదృష్టము.

రాజధానులు మాఱినవి. 1936 లో ఒడిస్సా యేర్పడినప్పుడు గంజాంజిల్లాలోని మన భాగము విశాఖపట్టణముజిల్లాలో చేరినది. 1950 ఆగస్టు 15 న శ్రీకాకుళముజిల్లా యేర్పడినది. అదే సంవత్సరమున నమలులోనికి వచ్చిన రాజ్యాంగము మత్స్యవిషయమును రెండుగ విభజించినది: ప్రాదేశిక జలములలోని వేట రాష్ట్రముల యధీనము, వానికావల కేంద్రము యధీనము. 1976 నాటి చట్టము ప్రకార మా జలముల యెల్ల 12 నాటికల్ మైళ్ళు. చేప యీ విభజనను చదువుకొనలేదు. కాని పడవవాడు చదువుకొనక తప్పదు.

నిజమైన కలహము మరపడవలతో వచ్చినది. 1960 తరువాత విశాఖపట్టణమున ట్రాలర్లు వృద్ధిపొందినవి. రొయ్యకు జపాను, అమెరికా దేశములందు గిరాకి హెచ్చినది. రొయ్య లోతుతక్కువ నీటనే దొరకును. ఆ నీరే మన తెప్పల నీరు. రాత్రివేళ ట్రాలరు వచ్చి సముద్రపుటడుగును దున్నుకొనిపోయినచో, ప్రొద్దుట తెప్పవాని వల తెగి, తునుకలు మాత్రమే మిగులును. కేరళమున నిట్టి బాధలకు మత్స్యకారులు వీథులకెక్కి, నిరాహారదీక్షలు చేసి పోరాడిరి. అచ్చట 1980 లో సముద్రవేట నియంత్రణచట్టము వచ్చినది. 1988 లో వర్షకాలపు ట్రాలునిషేధము వచ్చినది. ఆంధ్రప్రదేశమున చట్టము 1994 లో వచ్చినది. నియమములు మఱుసటి సంవత్సరమున వచ్చినవి. తీరమునుండి 8 కిలోమీటర్ల వఱకు నీరు సాంప్రదాయిక పడవలకు ప్రత్యేకింపబడినది. తెప్పలు, నాటుపడవలపై బ్రతుకువారి హితమును కాపాడవలెనను నుద్దేశము చట్టములోనే వ్రాయబడియున్నది. అశోకుని తరువాత మన భోగమును పేర్కొన్న శాసనము నా యెఱుకలో నిదియే. దీని విలువ మన వాడలందు చాలమందికి తెలియదు.

అదేకాలమున ఢిల్లీలో మఱియొక కథ నడచినది. 1991 నాటి విధానముచే విదేశీయుల భాగస్వామ్యముతో పెద్దనౌకల కనుమతు లిచ్చుట మొదలిడగా, దేశమందలి మత్స్యకారసంఘములు 1994 లో సమ్మెకు దిగినవి. ప్రభుత్వము మురారికమిటీని నియమించినది. 1996 లో నా కమిటీ ఆ యనుమతులను రద్దుచేయవలెనని చెప్పినది. తరువాత విధానము ఉపసంహరింపబడినది. చిన్నపడవలవారును, మరపడవలవారును ఒక్కటైనందున సాధ్యమైన విజయమది. లోతు సముద్రమున నొక్కటైనవారు తీరమునకు రాగానే మరల విడిపోయిరి.

8 కిలోమీటర్ల మాటకు వత్తము. పొలమునకు గట్టు గలదు, రాయి గలదు. సముద్రమున రాయి యెచ్చట పాతుదురు? మన వృద్ధులు సముద్రమును దూరముచే కొలువరు, బారలతో లోతు కొలుతురు. ఒడ్డుననున్న కొండకొన, తాటితోపు, కళింగపట్టణపు దీపస్తంభము, వీనిని ఒండొంటితో కలిపి చూచి తామున్న చోటు తెలిసికొందురు. చట్టము కిలోమీటర్లతో మాటలాడును. తెప్పవాడు బారలతో మాటలాడును. "ఎన్ని కిలోమీటర్లలో నీ వల తెగినది?" యని యధికారి యడిగినచో, వలపోయినవాడు తెల్లబోవలసినదే. పోలీసుస్టేషనున వలకు సరిహద్దు వ్రాయలేని కారణముచే నెన్ని ఫిర్యాదులు నోటిమాటగనే ముగిసినవో లెక్క లేదు.

ఈ సందిగ్ధతయే 2022 జనవరి యారంభమున విశాఖపట్టణమున మంటయైనది. రింగువలల విషయమై పెదజాలరిపేట మున్నగుచోట్ల మనవారికి మనవారికే కలహము వచ్చి, నడిసముద్రమున దెబ్బలాటలు జరిగి, పడవలు తగులబడినవి. రింగువలలు తీరపునీటిలో వేయరాదని యొకపక్షము, తమ కనుమతి గలదని మఱియొకపక్షము. 144వ సెక్షను విధింపబడినది. మంత్రులు ఉభయులతో చర్చలు జరిపిరి. ఎవరిది న్యాయమని నేనిచ్చట తీర్పు చెప్పను. ఉభయపక్షములును నమ్ముకొన్న దొక్కటే, తమ మాట వినగల పెద్దమనిషి యెవరు అను ప్రశ్న. చట్టపుపుస్తకమును తెఱచి చూపినవారు తక్కువ.

ఇక వేటనిషేధము. మన రాష్ట్రమున నిది 2000 సంవత్సరమున మొదలై, తొలుత నెలన్నరయుండి, తరువాత 61 దినములకు పెరిగినది: ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు. తల్లిచేపలు గ్రుడ్లుపెట్టు కాలమని శాస్త్రజ్ఞుల మాట. మరపడవలకును, ఇంజను బిగించిన పడవలకును నిది వర్తించును. ఒకనాడు తరగతిలో నశోకుని శాసనము చెప్పుచుండగా, తీరపువాడనుండి వచ్చు పిల్లవాడొకడు లేచి, "మాస్టారూ, ఆ రాజు ఆ రోజుల్లో బువ్వెట్టినాడా?" అని యడిగెను. తరగతి నవ్వినది. నాకు నవ్వు రాలేదు. శాసనమున నట్టి మాట లేదని చెప్పి కూర్చుండబెట్టితిని.

మన ప్రభుత్వములు బువ్వ పెట్టుచున్నవి, దానిని మఱవరాదు. నిషేధకాలపు భృతి 4,000 రూపాయలుండగా, 2019 లో శ్రీ జగన్మోహనరెడ్డిగారి ప్రభుత్వము 10,000 చేసినది. 2025 ఏప్రిలు 26 న ఎచ్చెర్లమండలమందలి బుడగట్లపాలెమున శ్రీ చంద్రబాబునాయుడుగారు దానిని 20,000 చేసి పంచిరి. ఆకలిగొన్న యింట నీ ధనము చిన్నది కాదు. కాని యెన్నికకు నెన్నికకు పెరుగు నీ మొత్తమును మనము కంఠస్థము చేసినట్లు, 8 కిలోమీటర్లను కంఠస్థము చేయలేదు. మొత్తమును వేదికపై చెక్కురూపమున నీయవచ్చును. ట్రాలరు రాని రాత్రిని వేదికపై నిచ్చుట యెట్లు?

భృతిలెక్కకు చిక్కని వాడును గలడు. శ్రీకాకుళపు తీరము 193 కిలోమీటర్లు. ఇంత పొడవునను మరపడవలు నిశ్చింతగ నిలుచు రేవు లేకుండుటచే మన యువకులు గుజరాతునందలి వీరావలునకు పోయి పరుల పడవలలో కూలివారైరి. పడమటితీరమున నిషేధము జూను 1 మొదలు జూలై 31 వఱకు. అందుచే మనవాడు ఏప్రిలులో నింట నుండడు. ఇంటికి వచ్చుసరికి మన నిషేధము ముగియవచ్చినది. నా హాజరుపట్టీలో తండ్రి చిరునామా యడిగినచో "వీరావలు" అని చెప్పు పిల్లలు ప్రతి తరగతియందు నుండిరి. 2018 నవంబరులో నట్లు పోయినవారు పాకిస్తాను వారికి చిక్కి, 2020 జనవరి 6 న వాఘా సరిహద్దున విడుదలైరి. విడుదలైన యిరువదిమందిలో పెక్కండ్రు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారు. మూడునెలలు గడువకమునుపే లాక్‌డౌను వచ్చి, వేలకొలది మనవారు వీరావలు రేవున పడవలలోనే చిక్కుకొనిరి.

మత్స్యశాఖ మన జిల్లాకే వరుసగ వచ్చుట యొక విశేషము. 2020 జూలైలో పలాసశాసనసభ్యులు డాక్టరు సీదిరి అప్పలరాజుగారు మంత్రులైరి. వారు మత్స్యకారకుటుంబమున జన్మించినవారు. 2024 జూనులో టెక్కలిశాసనసభ్యులు శ్రీ కింజరాపు అచ్చెన్నాయుడుగారు వ్యవసాయముతోపాటు ఈ శాఖను చేపట్టిరి. వారి స్వగ్రామమగు నిమ్మాడ మా కోటబొమ్మాళి మండలములోనిదే. కక్షలు వేఱైనను తలుపుతట్టుటకు దూరము తగ్గినది. 2023 ఏప్రిలు 19 న మూలపేటరేవునకును, బుడగట్లపాలెపు మత్స్యరేవునకును ఒక్కదినముననే శంకుస్థాపన జరిగినది. ఒకటి సరకునౌకలకు, ఒకటి చేపలపడవలకు. సరకునౌకలు పోవు దారిలో వల వేయుట యెట్లు కుదురునో, మూలపేట, విష్ణుచక్రము, భావనపాడు వారు ముందుగనే వ్రాతమూలకముగ తెలిసికొనుట మంచిది. అదే మండలమందలి కాకరాపల్లిలో తంపరనీటిని నమ్ముకొన్నవారికిని, విద్యుత్కేంద్రమునకును వచ్చిన వివాదమున 2011 ఫిబ్రవరి 28 నాటి పోలీసుకాల్పులలో ప్రాణములు పోయినవి. తంపర బంజరని కాగితములందుండెను. చేపలు పట్టువారి భోగమని యే కాగితమునందును లేదు.

కాన మహాసభవారికి నాదొక విన్నపము. ఇచ్ఛాపురము మొదలు రణస్థలము వఱకు గల ప్రతివాడయందును, తమ పెద్దలు పేరుపెట్టి పిలుచు వేటపట్టులు గలవు. ఆ పట్టుల పేర్లు, వాని లోతు బారలలో, ఒడ్డున దేనిని గుఱుతుగ చూచి చేరుదురు, ఏ మాసమున నే చేప పడును, ఈ వివరములు వృద్ధులనుండి వ్రాయించి, మఱుసటి మహాసభకు ముందుగ కార్యదర్శిగారికి పంపింపుడు. చదువుకొన్న పిల్లలు ఫోనులోని యంత్రముతో నా చోటికి కిలోమీటర్ల లెక్క కట్టగలరు. బారలను కిలోమీటర్లలోనికి మార్చు పని నాకు రాదు. పేర్లను శుద్ధప్రతిగ వ్రాయు పని మాత్రము నేను చేసిపెట్టుదును.