పరిశోధక నాటకములలో పతాకయు, ప్రకరియు

మన నాట్యశాస్త్రకారులు కథావస్తువును రెండు తెగలుగా విభజించిరి. ప్రధానమైనది ఆధికారికము, దానికి తోడ్పడునది ప్రాసంగికము. ప్రాసంగికములో దీర్ఘముగా సాగునది పతాక; స్వల్పమైనది ప్రకరి. రామకథలో సుగ్రీవుని వృత్తాంతము పతాక, శబరి వృత్తాంతము ప్రకరి. పదవ శతాబ్దిలో ధనంజయుడు దశరూపకమున జెప్పిన యీ విభాగము టెలివిజను అపరాధపరిశోధక నాటకములకును జక్కగా నన్వయించును. నేరస్థుని గనిపెట్టుట యందు ఆధికారికము. పరిశోధకుని ప్రణయము, దాంపత్యము, కుటుంబక్లేశములు ప్రాసంగికములు. ఇవి కథకు బలమా, అంతరాయమా యనునది పాత వివాదము.

1928లో అమెరికా రచయిత ఎస్. ఎస్. వాన్ డైన్ పరిశోధక కథలకు ఇరువది నియమములు విధించి, ప్రణయమునకు అందు దావుండరాదనెను. రెండేండ్లకే, 1930లో, ఆంగ్ల రచయిత్రి డోరతీ సేయర్స్ తన పరిశోధకుడు లార్డ్ పీటర్ విమ్సీని, హత్యానేరము మోపబడిన హారియట్ వేన్ అను నామెయందు అనురక్తుని గావించెను. ఆమె నిర్దోషిత్వమును నిరూపించుటయే యతని ప్రయత్నము. వంగదేశమున శరదిందు బంద్యోపాధ్యాయుని బ్యోమకేశుడును అట్లే నిందితుని సోదరియగు సత్యవతిని పరిశోధన నడుమ గలిసికొని, పిదప వివాహమాడెను. 1993లో బాసు ఛటర్జీ దర్శకత్వమున ఆ కథలు దూరదర్శన్‌లో ప్రసారమైనపుడు నేనును జూచి యానందించితిని.

ప్రకరికి మేలైన యుదాహరణము 1971లో వరుసగా ప్రసారమగుట కారంభించిన కొలంబో. అతడు మాటిమాటికి భార్య ప్రస్తావన తెచ్చును. ఆమె మనకెన్నడును గనబడదు. ఆ యింటిమాటలకు నేరస్థుడు ఏమరును. చిన్న ముచ్చటయే గాలమైనది.

పతాకకు 1985 నుండి 1989 వరకు నడచిన మూన్‌లైటింగ్ నిదర్శనము. 1987లో నాయికానాయకులు ఏకమైరి. తరువాత నాటకమున కాదరణ తగ్గెను. ప్రేమ ఫలించినచో నాటకము చచ్చునని నాటినుండి యొక లోకోక్తి పుట్టినది. శ్రోతలారా, ఇది కాకతాళీయ న్యాయము. నాయిక పాత్రధారిణి గర్భవతి. నాయక పాత్రధారి చలనచిత్రమున నిమగ్నుడు. ఇరువురును గలిసి కనబడు ఘట్టములే కొఱవడెను. 1988లో రచయితల సమ్మెయు దాపురించెను. ఇన్ని కారణములుండగా ప్రేమయొక్కదానిపై నిందమోపుట, నేరము జరిగినచోట మొదట గనబడినవానినే దోషి యనుట వంటిది.

1991 నాటి ప్రైమ్ సస్పెక్ట్‌లో జేన్ టెన్నిసన్ విధినిర్వహణలో మునిగియుండగా సహచరు డామెను విడిచిపోవును. ఆ యెడబాటు కథను దారి తప్పింపలేదు. పరుల సత్యమును వెదకుటకు ఆమె చెల్లించిన వెల యెంతయో తెలిపినది.

సుగ్రీవునకు స్వకార్యము గలదు. అయినను అతని సైన్యమే సీతాన్వేషణకు బయలుదేరెను. పరిశోధకుని సొంత బ్రతుకును అట్లే యన్వేషణకు సాయపడవలెను. సాయపడినంత కాలము దానిని బహిష్కరింప నే నియమమునకును అధికారము లేదు.