నేరము పుట్టుకలో ఉన్నదా?

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మనలో ఒక సామెత కలదు. ఇంటిలో పెద్దలు అల్లరి పిల్లవానిని గూర్చి ఈ మాట అన్నప్పుడు ఎవరికిని హాని లేదు. ఆ పిల్లవాడే పెద్దవాడై, అదే సామెతను తన కుమారునిపై ప్రయోగించును. కాని ఒక ప్రభుత్వము ఈ సామెతను శాసనముగా వ్రాసి పోలీసుల చేతికిచ్చినచో ఏమగును? మన దేశమున అట్టి శాసనము 1871 మొదలు 1952 వరకు, ఎనుబది యేండ్లు అమలులో ఉండెను. మనుజునిలోని చెడుగు సహజమా, నేర్చుకొన్నదా అని తత్త్వవేత్తలు తరతరములుగా వాదించుకొనుచుండగా, నేరస్థ జాతుల చట్టము ఒక్క కలము పోటుతో తీర్పు చెప్పివేసినది.

బిల్లును సమర్థించిన అధికారుల వాదము వినుటకు ఇంపుగానే ఉండును. ఈ దేశమున సాలెవాని కుమారుడు మగ్గము పట్టును, వడ్రంగి కుమారుడు ఉలి పట్టును. అట్లే దొంగల కులమున పుట్టినవాడు దొంగతనమే చేయును, అది వాని కులవృత్తి. మన కులవ్యవస్థను మనకే అద్దములో చూపినట్టి ఈ తర్కమునకు ఎదురాడినవారు ఆనాడు అరుదు. ప్రభుత్వము ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటించినచో, ఆ ప్రకటనను ఏ న్యాయస్థానమునను ప్రశ్నించుటకు వీలులేదు. నేరము చేసినవాడును, చేయనివాడును పట్టీకెక్కవలసినదే. ఇటలీలో లాంబ్రోసో అను వైద్యుడు పుర్రెలు కొలిచి, నేరస్థుడు పుట్టుకతోనే నేరస్థుడని గ్రంథము ప్రకటించినది 1876 లో. అనగా మన శాసనకర్తలు ఆయన కంటె అయిదేండ్లు ముందున్నారు! ఆ తరువాత ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ అను జైలు వైద్యుడు సుమారు 3,000 మంది ఖైదీలను కొలిచి, నేరస్థునికి ప్రత్యేకమైన శరీరలక్షణములు లేవని 1913 లో తేల్చెను.

మొదట ఉత్తరదేశమునకు పరిమితమైన ఈ శాసనము 1911 చట్టముతో మద్రాసు రాజధానికిని వచ్చినది. మన ప్రాంతమున దాని వాతబడినవారిలో ముఖ్యులు ఎరుకలవారు. వీరి శాఖల పేర్లే వారి పూర్వవృత్తులను చెప్పును: ఉప్పు ఎరుకలు, కరివేపాకు ఎరుకలు, దబ్బల ఎరుకలు. కోస్తానుండి ఉప్పును ఎద్దులపైనను గాడిదలపైనను మెట్టసీమలకు చేరవేసి, అచటినుండి ధాన్యము తెచ్చుట వీరి వ్యాపారము. 1805 లో కుంపిణీవారు మద్రాసు రాజధానిలో ఉప్పుపై గుత్తాధికారము చేపట్టిరి. పిదప రైళ్లు వచ్చినవి. గాడిద మోయు బరువునకు గిరాకి తగ్గినది. 1882 అటవీ చట్టము వెదురునకు అడ్డుపడినది. నడుమ 1876-78 నాటి ఘోర క్షామము. ఈ కథను చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001 లో ప్రకటించిన గ్రంథమున విపులముగా వివరించినారు. ఎరుకలవారిలో దొంగతనమే లేకుండెనని వాదించుట సత్యము కాదు, అవసరమును కాదు. బ్రతుకుతెరువు పోయినవారిలో కొందరు దొంగిలించిరి. ఆ కొందరిని చూచి, అప్పుడే పుట్టిన శిశువును సైతము ఆ లెక్కలో చేర్చుట ఏ న్యాయమని మాత్రమే మన ప్రశ్న.

పట్టీకెక్కినవాడు వేలిముద్రలు ఇయ్యవలెను. నిర్ణీతవేళలకు, రాత్రులందు సైతము, హాజరు పలుకవలెను. పొరుగూరికి పోవలెనన్న చీటీ పుచ్చుకొనవలెను. చట్టములో పేర్కొన్న నేరము రెండవమారు చేసినచో ఏడేండ్లకు తక్కువ కాని శిక్ష, మూడవమారు చేసినచో యావజ్జీవ ద్వీపాంతరవాసము. అదే నేరము చేసిన ఇతర కులజునికి ఇట్టి లెక్క లేదు.

చట్టము వెంట సెటిల్‌మెంటులు వచ్చినవి. కావలిలో అమెరికను బాప్టిస్టు మిషనువారు, బాపట్ల సమీపమున సాల్వేషన్ ఆర్మీవారు వీనిని నడపిరి. రెండవదానికి మద్రాసు ప్రభుత్వమున ఉన్నతాధికారియైన సర్ హెరాల్డు స్టూవర్టు పేర స్టూవర్టుపురమని పేరు పెట్టిరి. అక్కడివారికి సేద్యము నేర్పిరి. చీరాల పొగాకు కర్మాగారమునకు కూలికి పంపిరి. పిల్లలకు బడి పెట్టిరి. ఇక్కడనే తమాషా యున్నది. నేరము రక్తములో ఉన్నచో నాగలి పట్టుట నేర్పి ప్రయోజనమేమి? నేర్పిన మాత్రమున మారునన్నచో అది రక్తములోనిది కాదు గదా! పిల్లలను తలిదండ్రులనుండి వేరుచేసి పెంచుటకు సైతము చట్టము అధికారమిచ్చినది. వేరుచేసి పెంచినచో బాగుపడుదురన్న నమ్మకము అందున్నది. అనగా చట్టము తన మొదటి సూత్రమును తానే నమ్మలేదు. నమ్మనిచో పట్టీలు ఏల? నా మట్టునకు దొరకు సమాధానము ఒక్కటే. పట్టీ పోలీసులకు సుళువు, కూలీలు యజమానులకు లాభము.

నేటి శాస్త్రజ్ఞులు మనిషి స్వభావమున, కోపమున, తొందరపాటున కొంత భాగము వంశానుగతమని ఒప్పుకొందురు. అది వ్యక్తికి సంబంధించిన మాట. దానిని ఒక జాతికి అంటగట్టుటకు ఆధారము లేదు.

1936 లో నెల్లూరునకు వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ, ఏ జాతిని గాని నేరస్థ జాతి యనుట నాగరికతకు విరుద్ధమని ఈ చట్టమును తీవ్రముగా ఖండించిరి. యానాదుల సేవలో జీవితము గడపిన నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్యగారు దీని రద్దునకై పాటుపడిరి. మద్రాసు ప్రభుత్వము 1947 లోనే చట్టమును తొలగించినది. దేశమంతటికి సంబంధించిన విచారణ సంఘమునకు 1949 లో అధ్యక్షత వహించినవారు తిరుచానూరున జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. 1952 ఆగస్టు 31 న చట్టము దేశమంతట రద్దయినది. నాటినుండి వారు విముక్త జాతులైరి. దాని స్థానమున వచ్చిన అలవాటు నేరస్థుల చట్టములు పుట్టుకను గాక, వ్యక్తి పొందిన శిక్షలను చూచును. కాగితముపై ఇది గొప్ప మార్పే.

చట్టము పోయినను పేరు పోలేదు. మహాకవి జాషువా కుమార్తె హేమలతా లవణంగారు 1970 ల నుండి స్టూవర్టుపురమున నేరవృత్తిలోని కుటుంబముల నడుమ సంస్కరణకార్యము నడపిరి. మరియొక ప్రక్క, ఆ ఊరి పేరు పెట్టుకొన్న చలనచిత్రము 1991 లో వచ్చినది. అక్కడి దొంగ కథపై ఇంకొకటి 2023 లో వచ్చినది. విజయవాడ, గూడూరుల నడుమ రైలులో పోవువారికి బాపట్ల, చీరాలల మధ్య ఆ పేరుగల చిన్న స్టేషను కనబడును. పలక చదివినంతనే సామాను దగ్గరకు లాగికొను ప్రయాణికుడు నేటికిని ఉండును. ఆ ఊరి పిల్లవాడు మాత్రము కళాశాలలో చేరునప్పుడు, ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టునప్పుడు, స్వగ్రామమను గడిలో ఆ పేరే వ్రాయవలెను.